శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరము? ఎంతసేపటి ప్రయాణము?

తెలుగునాట నేడు అనేక గ్రామములలో బిడ్డలను అమెరికాకు పంపిన కుటుంబములు కలవు. వారిలో పెక్కుమంది శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునందును, దాని చుట్టుపట్ల కంప్యూటరు పరిశ్రమలు నెలకొన్న ఊళ్ళయందును ఉద్యోగములు చేసికొనుచున్నారు. సాధారణ దినములలో ఆ దూరము ఎవరికిని పట్టదు. టెలిఫోను మ్రోగును, మనుమల ముఖములు అద్దములో వలె కనబడును. కాని ఇంటి పెద్దకు ప్రాణము మీదికి వచ్చినప్పుడు, లేదా ఆయన కాలము చేసినప్పుడు, ఊరివారందరు పంచాయతీ సభ్యుని వంక చూచి ఒకే ప్రశ్న వేయుదురు: "అబ్బాయి ఎప్పటికి వచ్చును? అంతవరకు ఆగవచ్చునా?"

ఈ ప్రశ్నకు తోచినట్లు జవాబు చెప్పుట వలన కష్టము కలుగును. "రేపు ప్రొద్దుటికి దిగును" అని ఒకరు చెప్పగా ఆ మాట నమ్మి కూర్చున్నవారు మరునాటి సాయంకాలము వరకు ఎదురుచూడవలసి వచ్చును. "మూడు దినములు పట్టును" అని ఇంకొకరు చెప్పగా దహనము ముగించినచో, ఆ రాత్రికే కుమారుడు వాకిట దిగి తండ్రి కడసారి చూపునకు నోచుకొనక పోవచ్చును. కావున దూరమెంత, కాలమెంత, ఆ కాలమును మన గడియారముతో లెక్కించుట ఎట్లు అను విషయములను పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట మంచిది. వానిని ఇచట వరుసగా వివరింపబూనుచున్నాము.

దారముతో కొలిచిన దూరము

పాఠశాల గోడకు వ్రేలాడు ప్రపంచపటములో చూచినచో అమెరికా ఎడమ అంచున కనబడును. అందుచేత అచటికి పోవుటకు అరేబియా, ఐరోపాలు దాటి, అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా పడమటికి సాగిపోవలెనని తోచును. పటము బల్లపరుపుగా ఉన్నది, భూమి గుండ్రముగా ఉన్నది. ఈ భేదము వలననే మన చూపు తప్పుదారి పట్టుచున్నది.

మీ ఊరి పాఠశాలలో గ్లోబు ఉన్నచో ఒక దారమును తీసికొని హైదరాబాదు మీద ఒక కొసను, శాన్‌ఫ్రాన్సిస్కో మీద రెండవ కొసను ఉంచి బిగువుగా లాగి చూడుడు. దారము పడమటికి పోదు. ఉత్తరముగా, కొంచెము తూర్పునకు ఒరిగి, నేపాలు, టిబెట్టు, మంగోలియా, సైబీరియాల మీదుగా సాగి, ఉత్తర ధ్రువ సముద్రపు అంచును తాకి, అలాస్కా మీదుగా దిగి వచ్చును. గుండ్రని నేలపై రెండు చోట్ల మధ్య ఇంతకంటె దగ్గరి దారి లేదు.

దూరమును కొలుచుట కూడ సులభమే. భూమధ్యరేఖ చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. మీ గ్లోబుపై ఆ రేఖ చుట్టును చుట్టిన దారము 80 సెంటీమీటర్లు వచ్చినదనుకొందము. అప్పుడు ఒక్కొక్క సెంటీమీటరు 500 కిలోమీటర్లకు సమానము. హైదరాబాదు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు లాగిన దారము 27 సెంటీమీటర్లు వచ్చును. అనగా దూరము సుమారు 13,500 కిలోమీటర్లు. ఢిల్లీ నుండి అయినచో సుమారు 12,400 కిలోమీటర్లు. భూమిపై ఏ రెండు చోట్ల మధ్యనైనను దారము కొలత సుమారు 20,000 కిలోమీటర్లకు మించదు. అందులో దాదాపు మూడింట రెండు వంతుల దూరమున మన పిల్లలు ఉన్నారని గ్రహింపవచ్చును.

దారము వెంబడి విమానము ఏల పోదు?

దగ్గరి దారి తెలిసినను విమానము దానిని యథాతథముగా అనుసరింపదు. ఇందుకు కారణములు పెక్కులు కలవు.

మొదటిది భూమి ఎత్తు. ఎత్తున ఎగురు విమానములో ప్రయాణికులు ఊపిరి పీల్చుటకు తగిన గాలిని యంత్రములు నింపియుంచును. ఏ లోపము వలననైనను ఆ గాలి తగ్గినచో విమానమును వెంటనే సుమారు 10,000 అడుగుల ఎత్తునకు దింపవలెను. టిబెట్టు పీఠభూమియే సగటున 14,000 అడుగులకు మించిన ఎత్తున ఉన్నది. దిగుటకు చోటే లేదు. కావున విమానములు సాధారణముగా ఆ ప్రాంతమును తప్పించుకొని పోవును.

రెండవది దిగుటకు విమానాశ్రయములు. నేడు దూర ప్రయాణము చేయు విమానములలో పెక్కింటికి రెండు ఇంజనులే ఉండును. ఒకటి ఆగిపోయినను రెండవదానితో సురక్షితముగా చేరదగినంత దూరములో ఏదో ఒక విమానాశ్రయము ఉండునట్లు దారిని నిర్ణయింపవలెనని నియమము కలదు. ఉత్తర ధ్రువ ప్రాంతములో అట్టివి మిక్కిలి తక్కువ.

మూడవది ఆయా దేశముల అనుమతి. పొలము గట్టు దాటుటకు పొరుగు రైతు సమ్మతి కావలసినట్లే, ఆకాశమున సరిహద్దు దాటుటకు ఆ దేశపు సమ్మతి కావలెను. 2019 ఫిబ్రవరి చివరి నుండి జులై మధ్య వరకు పాకిస్తాన్ తన గగనతలమును మూసివేయగా, మన దేశము నుండి పడమటికి పోవు విమానములు చుట్టు తిరిగి పోవలసి వచ్చెను. 2025 ఏప్రిల్‌లో ఆ దేశము భారతీయ విమానములకు మరల దారి మూసివేసెను. 2022లో ఉక్రెయిన్ యుద్ధము మొదలైన పిమ్మట రష్యా అమెరికా, ఐరోపా దేశముల విమానములను తన ఆకాశమునకు రానీయలేదు. ఊరి పేర్లు మారలేదు, దారపు కొలత మారలేదు. అయినను ప్రయాణకాలము గంటల కొలది పెరిగెను.

గాలి చేయు మేలు

నాల్గవ కారణము గాలి. ఇది అన్నిటికంటె విచిత్రమైనది. గోదావరిలో ప్రవాహము వెంబడి పోవు పడవ త్వరగా చేరును, ఏటికి ఎదురు పోవు పడవ ఆలస్యముగా చేరును. ఆకాశమునను ఇట్టి నదులు కలవు. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు ఇరుకైన పాయలుగా బలమైన గాలులు వీచును. వీనిని జెట్ స్ట్రీములందురు. చలికాలమున వీని వేగము గంటకు 200 కిలోమీటర్లు మించుటయు కలదు.

ఒక లెక్క చూతము. గాలి లేనప్పుడు గంటకు 900 కిలోమీటర్లు పోవు విమానము 13,600 కిలోమీటర్లు పోవలెననుకొందము. గంటకు 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉన్నచో దాని నిజమైన వేగము 800 మాత్రమే. ప్రయాణము 17 గంటలు పట్టును. అంతే గాలి వెనుక నుండి తోసినచో వేగము 1,000 అగును. ప్రయాణము 13 గంటల 36 నిమిషములలో ముగియును. దూరమొకటే, విమానమొకటే, తేడా దాదాపు మూడున్నర గంటలు.

ఇది కాగితముపై లెక్క మాత్రమే కాదు. ఎయిర్ ఇండియా సంస్థ 2015 డిసెంబరులో ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు మధ్యలో ఎచ్చటను దిగని విమానమును ప్రారంభించెను. మొదట అది పడమటగా అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోయెడిది. 2016 అక్టోబరులో దానిని తూర్పుగా పసిఫిక్ మహాసముద్రము మీదికి మార్చిరి. ఆ దారి సుమారు 15,300 కిలోమీటర్లు, అనగా 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినను వెనుకగాలి తోడ్పడుట వలన ప్రయాణము సుమారు పద్నాలుగున్నర గంటలలో, అనగా మునుపటికంటె దాదాపు రెండు గంటలు ముందుగా ముగిసెను. దూరము పెరిగినను కాలము తగ్గుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము ఉండబోదు.

2021 జనవరిలో అదే సంస్థకు చెందిన విమానము ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరి, ఉత్తర ధ్రువము మీదుగా వచ్చి, 11వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరులో దిగెను. దానిని నడిపినవారందరు స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్ వారికి నాయకత్వము వహించెను. ఆ రెండు నగరముల మధ్య దారపు దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. ప్రయాణమునకు 17 గంటలకు పైగా పట్టెను. 1948 జూన్ 8వ తేదీన బొంబాయి నుండి లండనుకు బయలుదేరిన మన దేశపు మొదటి విమానము కైరోలోను, జెనీవాలోను దిగి పోవలసి వచ్చెనని తలచుకొన్నచో ఈ మార్పు ఎంతటిదో తెలియును.

ఇచట ఒక సందేహమును తీర్చవలసియున్నది. "భూమి తిరుగుచున్నది గదా, విమానము పైకి లేచి ఊరక నిలిచినచో అమెరికాయే క్రిందికి రాదా?" అని కొందరు అడుగుచుందురు. రాదు. పోవుచున్న రైలులో కూర్చుండి రూపాయి బిళ్ళను పైకి ఎగురవేసినచో అది తిరిగి మన చేతిలోనే పడును గాని వెనుక పెట్టెలో పడదు. అట్లే భూమితోపాటు దాని చుట్టునున్న గాలియు, ఆ గాలిలోని విమానమును తిరుగుచునే ఉన్నవి.

తేదీల తికమక

గ్రామములలో ఎక్కువ పొరపాట్లు జరుగునది ఇక్కడనే. టికెట్టుపై వ్రాసిన ప్రతి గంటయు ఆయా ఊరి గంటయే. బయలుదేరు గంట అచటిది, దిగు గంట ఇచటిది. రెండింటిని తీసివేసి ప్రయాణకాలము చెప్పుట తప్పు.

శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటె చలికాలమున పదమూడున్నర గంటలు, ఎండకాలమున పన్నెండున్నర గంటలు వెనుక ఉండును. అచట మార్చి నెల రెండవ ఆదివారమున గడియారములను ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారమున మరల వెనుకకు జరుపుదురు. అందువలన ఈ భేదము కలుగుచున్నది.

దీనికి ఒక సులభ సూత్రము కలదు. అచటి పగలును రాత్రిగా, రాత్రిని పగలుగా మార్చి, చలికాలమైనచో గంటన్నర, ఎండకాలమైనచో అరగంట కలుపవలెను. చలికాలమున అచట ఆదివారము ఉదయము 8 గంటలైనచో మనకు ఆదివారము రాత్రి తొమ్మిదిన్నర. అచట ఆదివారము రాత్రి 8 గంటలైనచో మనకు సోమవారము ఉదయము తొమ్మిదిన్నర. ఈ రెండవ సందర్భమున వారము పేరు మారుటను మరువరాదు.

2016 అక్టోబరు 16వ తేదీ ఆదివారము ఢిల్లీ నుండి వేకువ 4 గంటలకు బయలుదేరి పద్నాలుగున్నర గంటలు ఎగిరిన విమానము దిగునప్పటికి మన గడియారములో సాయంకాలము ఆరున్నర. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రము అదే ఆదివారము ఉదయము 6 గంటలు. టికెట్టు చూచినవారికి ప్రయాణము రెండు గంటలే అనిపించును. తిరుగు ప్రయాణములో ఇందుకు విరుద్ధముగా ఒక దినమంతయు అదృశ్యమైనట్లు తోచును. ఏ దినమును పోలేదు, ఏ దినమును కలిసిరాలేదు. గడియారములే వేరు. అందుచేత లెక్క అంతయు మొదటి నుండి చివరి వరకు మన గడియారము ప్రకారమే వేయవలెను.

గడప నుండి గడపకు

ఇక అసలు ప్రశ్నకు వత్తము. కృష్ణా జిల్లాలోని ఒక గ్రామములో చలికాలమున సోమవారము ఉదయము 6 గంటలకు ఒక పెద్ద కాలము చేసెననుకొందము. శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పటికి ఆదివారము సాయంకాలము నాలుగున్నర. కుమారునికి ఆ రాత్రికే దుబాయి మీదుగా టికెట్టు దొరికినదనుకొందము. ఈ క్రింది గంటలు లెక్కను వివరించుటకై తీసికొన్నవి.

కబురు అందుట, టికెట్టు కొనుట, విమానాశ్రయము చేరి తనిఖీలు ముగించుకొనుట: నాలుగున్నర గంటలు. విమానము లేచునప్పటికి మన గడియారములో సోమవారము ఉదయము పదిన్నర.
దుబాయికి సుమారు 13,000 కిలోమీటర్లు: 16 గంటలు. మంగళవారము తెల్లవారుజామున రెండున్నర.
దుబాయిలో రెండవ విమానమునకై నిరీక్షణ: మూడున్నర గంటలు. ఉదయము 6.
హైదరాబాదునకు సుమారు 2,550 కిలోమీటర్లు: మూడున్నర గంటలు. ఉదయము తొమ్మిదిన్నర.
పాస్‌పోర్టు తనిఖీ, సామాను, వెలుపలికి వచ్చుట: గంటన్నర. ఉదయము 11.
రోడ్డు ప్రయాణము: 5 గంటలు. మంగళవారము సాయంకాలము 4.

మొత్తము 34 గంటలు. ఇందులో ఆకాశమున గడచినవి పందొమ్మిదిన్నర గంటలు. మిగిలిన పద్నాలుగున్నర గంటలు నేలమీదనే గడచినవి. దారపు లెక్కకంటె సుమారు 2,000 కిలోమీటర్లు ఎక్కువ దూరము పోయినను, ఆ అదనపు దూరమునకు పట్టినది రెండున్నర గంటలకు లోపే. కావున "ఎంత దూరము?" అని అడుగుటకంటె "ఏ విమానము దొరికినది? మధ్యలో ఎంతసేపు ఆగవలెను?" అని అడుగుట మేలు. ఆ రాత్రి విమానము తప్పి మరునాటిది దొరికినచో కుమారుడు బుధవారము సాయంకాలమునకు గాని చేరడు.

"డైరెక్టు" అను మాటను చూచి మోసపోరాదు. డైరెక్టు విమానమనగా మధ్యలో ఒకచోట దిగినను అదే నంబరుతో సాగునది కావచ్చును. ఎక్కడను దిగనిదానిని "నాన్‌స్టాప్" అందురు. టికెట్టు కొనునప్పుడు ఈ భేదమును అడిగి తెలిసికొనవలెను.

అనుకోని ఆటంకములు

ఎంత చక్కగా లెక్క వేసినను ఆటంకములు రావచ్చును. 2023 జూన్ 6వ తేదీన ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుచున్న విమానము యొక్క ఒక ఇంజనులో లోపము కనబడగా దానిని రష్యా దేశపు తూర్పు కొసనున్న మగదాన్ నగరములో దించిరి. అందులో 216 మంది ప్రయాణికులును, 16 మంది సిబ్బందియు ఉండిరి. విమానము క్షేమముగా దిగెను. వారిని తీసికొనిపోవుటకు మన దేశము నుండి మరియొక విమానము వెళ్ళెను. 8వ తేదీకి గాని వారు శాన్‌ఫ్రాన్సిస్కో చేరలేదు. దగ్గరలో విమానాశ్రయము ఉండవలెనను నియమము ఏల పెట్టిరో దీనివలన స్పష్టమగుచున్నది. గమ్యము చేరుట ఆలస్యమైనను ప్రాణములు దక్కినవి.

మరియొక ఆటంకము కాగితములకు సంబంధించినది. అచట ఉద్యోగము చేయు కొందరి పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరియుండును. అట్టివారు ఇచటికి వచ్చినచో మన దేశములోని అమెరికా కాన్సులేటులో క్రొత్త ముద్ర వేయించుకొనిన గాని తిరిగి పోలేరు. దానికి ఎంతకాలము పట్టునో ముందుగా చెప్పుట కష్టము. అచట పుట్టి ఆ దేశపు పౌరులైన పిల్లలకు ఇచటికి వచ్చుటకు మన దేశపు వీసా గాని, ఓసీఐ కార్డు గాని కావలెను. కావున కుమారుడు రాలేనని చెప్పినచో, కన్నవారిపై ప్రేమ లేదని వెంటనే నిందింపరాదు. ఉద్యోగము, భార్యాబిడ్డల జీవనము ఆ ముద్రపై ఆధారపడియుండవచ్చును.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

ఇట్టి సమయములలో దుఃఖములో ఉన్న కుటుంబమువారు లెక్కలు వేయలేరు. ఆ బాధ్యతను ఊరి పెద్దలు వహింపవలెను.

విదేశములలో ఉన్నవారి టెలిఫోను నంబర్లను, వారుండు నగరముల పేర్లను వారి కుటుంబముల అనుమతితో ముందే వ్రాసియుంచుట మంచిది. కబురు చేరిన వెంటనే బంధువులు తలకొక మాట అడుగకుండ, ఒక్కరే మాటలాడి నాలుగు విషయములు తెలిసికొనవలెను: రాగలరా లేదా, టికెట్టు చేతికి వచ్చినదా, విమానము లేచు గంట మన గడియారములో ఎంత, హైదరాబాదులో దిగు గంట ఎంత. టికెట్టు చేతికి రాకముందే ఎవరికిని గంట చెప్పరాదు. చెప్పిన గంటకు పిమ్మట కొంత వ్యవధి ఉంచుకొనవలెను.

నిరీక్షింపవలెనని కుటుంబము నిశ్చయించినచో ఫ్రీజరు బాక్సు ఎచట అద్దెకు దొరకునో, విద్యుత్తు పోయినచో జనరేటరు ఎవరివద్ద ఉన్నదో సభ్యులు ఎరిగియుండవలెను. 34 గంటల నిరీక్షణకును, 58 గంటల నిరీక్షణకును ఏర్పాట్లు వేరు. వేచియుండవలెనా, కార్యము జరిపింపవలెనా అను నిర్ణయము మాత్రము కుటుంబమువారిదే. సరియైన లెక్కను వారి ముందుంచుటయే పెద్దల పని.

పాఠశాల గ్లోబును, ఒక దారమును తీసికొని, రాబోవు గ్రామసభలో ఈ కొలతను పిల్లలచేత చేయించి చూపుడు. పగలు, రాత్రి మార్చి గంటన్నర లేదా అరగంట కలుపు సూత్రమును పెద్ద అక్షరములతో వ్రాసి పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపుడు. దూరదేశములో బిడ్డలున్న తల్లిదండ్రులకు అది అక్కరకు వచ్చును.